బడిలో మనసు పాఠం: విద్యార్థులకు మానసిక ఆరోగ్య ప్రసంగాలు ఎందుకు, ఎలా?

(ప్రత్యేక వ్యాసం)

విద్యార్థికి జ్వరం వస్తే తోటివారు చెబుతారు, ఉపాధ్యాయులు గుర్తిస్తారు, ఇంటికి కబురు వెళుతుంది. అదే విద్యార్థి మనసు కుంగి, వారాల తరబడి నిద్రలేక, పుస్తకం తెరిచినా అక్షరం బుర్రకెక్కక తరగతిలో మౌనంగా కూర్చుంటే, ఆ మౌనాన్ని బుద్ధిమంతుడి లక్షణంగానో, చదువుపై అశ్రద్ధగానో భావించడం పరిపాటి. శారీరక ఆరోగ్యంతో పాటు మానసిక ఆరోగ్యం గురించి కూడా పాఠశాల స్థాయిలోనే బాలబాలికలకు అవగాహన కల్పించవలసిన ఆవశ్యకత ఇక్కడే ఉత్పన్నమవుతున్నది. ఈ దిశగా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కొన్నేళ్లుగా అనేక కార్యక్రమాలను చేపట్టాయి. 2025 జూలైలో భారత సర్వోన్నత న్యాయస్థానం వెలువరించిన తీర్పుతో ఇది విద్యాసంస్థల ఇష్టాయిష్టాలకు వదిలివేసే విషయం కాకుండా, విధిగా పాటించవలసిన బాధ్యతగా మారింది.

పాఠశాలల్లో నిర్వహించే మానసిక ఆరోగ్య ప్రసంగాల ఉద్దేశం ఏమిటి, వాటిలో ఏమి చెప్పాలి, ఏమి చెప్పరాదు, ప్రసంగం ముగిసిన తరువాత ఏమి జరగాలి అన్న అంశాలను పాత్రికేయులకు, అధికారులకు తెలియజేయడం ఈ వ్యాస ఉద్దేశం.

పాఠశాల వయసే కీలకం

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 10 నుంచి 19 ఏళ్ల మధ్య వయసు గల ప్రతి ఏడుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడుతున్నారు. జీవితకాలంలో తలెత్తే మానసిక రుగ్మతల్లో సుమారు సగం 14 ఏళ్ల వయసులోపే మొదలవుతాయని కూడా ఆ సంస్థ పేర్కొన్నది. అనగా ఎనిమిదో, తొమ్మిదో తరగతి చదివే నాటికే సమస్య బీజాలు పడివుంటాయి. చికిత్స మాత్రం చాలామందికి పెద్దయిన తరువాత గాని అందడం లేదు, కొందరికి అసలే అందడం లేదు.

బెంగుళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల సంస్థ (నిమ్హాన్స్) 2015-16లో 12 రాష్ట్రాలలో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల వారిలో దాదాపు 7.3 శాతం మందికి మానసిక సమస్యలు వున్నట్లు తేలింది. ఈ 12 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. అందువలన ఈ గణాంకాలను మన జిల్లాలకు యథాతథంగా అన్వయించడం సరికాదు. అయినప్పటికీ సమస్య విస్తృతిని అర్థం చేసుకోవడానికి ఈ సర్వే ఉపకరిస్తుంది. చికిత్స అవసరమైనవారిలో అత్యధికులు వైద్యానికి దూరంగా వున్నారని కూడా ఇదే సర్వే వెల్లడించింది.

జాతీయ నేర నమోదు సంస్థ నివేదిక ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా 1,70,924 మంది ఆత్మహత్యకు పాల్పడగా, వారిలో 13,044 మంది విద్యార్థులు. పరీక్షల్లో ఉత్తీర్ణులు కాకపోవడాన్ని ప్రత్యక్ష కారణంగా పేర్కొన్న మరణాలు 2,248. ఈ చివరి సంఖ్యను మొదటిదానితో పోల్చి చూసినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది. విద్యార్థుల వేదనకు పరీక్షా ఫలితాలు ఒక కారణం మాత్రమే. కుటుంబ కలహాలు, తోటివారి గేలి, వేధింపులు, వివక్ష, ప్రేమ వ్యవహారాలు, అనారోగ్యం, మాదకద్రవ్యాలు వంటి కారణాలు కూడా వున్నాయి. కాబట్టి మానసిక ఆరోగ్య ప్రసంగాన్ని కేవలం "పరీక్షల ఒత్తిడిని జయించడం ఎలా?" అన్న అంశానికే కుదించడం వలన ఆశించిన ప్రయోజనం చేకూరదు.

తెలుగునాట నేపథ్యం

విద్యార్థుల మానసిక ఒత్తిడి తెలుగు రాష్ట్రాలకు కొత్త విషయం కాదు. ఇంటర్మీడియట్ స్థాయిలో పోటీ పరీక్షల శిక్షణ విస్తరించిన నేపథ్యంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లోనే ఆచార్య నీరదా రెడ్డి కమిటీ, రాష్ట్ర విభజన అనంతరం ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ఆచార్య చక్రపాణి కమిటీ విద్యార్థుల ఆత్మహత్యల అంశాన్ని అధ్యయనం చేశాయి. తెలంగాణలో 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత, ఫలితాల్లో పొరపాట్లు దొర్లాయన్న ఫిర్యాదుల నడుమ ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీని నియమించి, ఉత్తీర్ణులు కాని వారందరి జవాబు పత్రాలను ఉచితంగా పునఃపరిశీలించాలని ఆదేశించవలసి వచ్చింది.

ఫలితాల రోజున విద్యార్థికి ముందుగా కావలసింది ఒక సమాచారం, ఒక మనిషి. రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ సదుపాయాలు వున్నాయని, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు రాసి విద్యా సంవత్సరం నష్టపోకుండా పై తరగతికి వెళ్లవచ్చునని తెలిసిన విద్యార్థి ఆ రోజును మరోలా చూస్తాడు. ఈ సమాచారాన్ని ఫలితాలు వెలువడిన తరువాత ప్రకటించడం కన్నా, ఫిబ్రవరిలోనే తరగతి గదిలో చెప్పడం మేలు. మానసిక ఆరోగ్య ప్రసంగంలో ఇదొక తప్పనిసరి భాగం కావాలి.

విధానపరమైన పునాదులు

మన దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో ప్రారంభమైంది. కర్ణాటకలోని బళ్లారిలో నిమ్హాన్స్ చేపట్టిన ప్రయోగం ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం రూపుదిద్దుకున్నది. ఈ పథకం అమలుకు తొలుత ఎంపికైన నాలుగు జిల్లాల్లో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ ఒకటి. మానసిక వైద్య నిపుణులు, క్లినికల్ సైకాలజిస్టు, సామాజిక కార్యకర్త, నర్సు తదితరులతో కూడిన జిల్లా బృందం ఆసుపత్రి సేవలకే పరిమితం కాకుండా పాఠశాలల్లో జీవన నైపుణ్యాల శిక్షణ, కళాశాలల్లో కౌన్సెలింగ్, ఆత్మహత్యల నివారణ కార్యకలాపాలు నిర్వహించవలసి వున్నది. పాఠశాలకు వక్త కావాలనుకునే ప్రధానోపాధ్యాయులు మొదట సంప్రదించవలసింది ఈ బృందాన్నే.

కౌమార బాలబాలికల కోసం 2014 జనవరి 7న ప్రారంభమైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలోని ఆరు ప్రధానాంశాల్లో మానసిక ఆరోగ్యం ఒకటి. ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం కింద ప్రతి పాఠశాలలో ఇద్దరు ఉపాధ్యాయులు ఆరోగ్య రాయబారులుగా శిక్షణ పొంది, వారానికి ఒక గంట చొప్పున 11 అంశాలు బోధించాలి. ఈ 11 అంశాల్లో భావోద్వేగ సంక్షేమం, మానసిక ఆరోగ్యం కూడా చేరివున్నాయి. కొవిడ్ మహమ్మారి కాలంలో, 2020 జూలై 21న కేంద్ర విద్యాశాఖ మనోదర్పణ్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు టెలి మానస్ సేవలు అందుబాటులోకి వచ్చాయి. 14416 నంబరుకు రోజులో ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

2017లో పార్లమెంటు ఆమోదించి, 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక ఆరోగ్య సేవలు పొందడాన్ని హక్కుగా గుర్తించింది. ప్రజల్లో అవగాహన కల్పించడం, చిన్నచూపును తొలగించడం ప్రభుత్వాల బాధ్యతగా నిర్దేశించింది. ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడికి లోనై వున్నట్లుగానే భావించాలని, అతనికి సంరక్షణ, పునరావాసం కల్పించాలని ఈ చట్టంలోని 115వ సెక్షను చెబుతున్నది. 2022 నవంబరులో ప్రకటించిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం 2030 నాటికి ఆత్మహత్యా మరణాలను 10 శాతం తగ్గించాలని, ఎనిమిదేళ్లలో అన్ని విద్యాసంస్థల్లో మానసిక సంక్షేమ పాఠ్యాంశాలు ప్రవేశపెట్టాలని లక్ష్యాలుగా నిర్దేశించుకున్నది.

సర్వోన్నత న్యాయస్థానం ఆదేశాలు

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో 2025 జూలై 25న న్యాయమూర్తులు జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాలతో కూడిన ధర్మాసనం తీర్పు వెలువరించింది. రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో మానసిక ఆరోగ్యం అంతర్భాగమని స్పష్టం చేసి, తగిన చట్టం వచ్చేవరకు దేశంలోని అన్ని విద్యాసంస్థలకు వర్తించే విధంగా 15 మార్గదర్శకాలను జారీ చేసింది. ప్రభుత్వ, ప్రైవేటు పాఠశాలలు, కళాశాలలు, శిక్షణ కేంద్రాలు, వసతి గృహాలు అన్నీ వీటి పరిధిలోకి వస్తాయి.

వాటిలో పాఠశాలలకు ముఖ్యమైనవి ఇవి. 100 మంది, అంతకుమించి విద్యార్థులు గల ప్రతి సంస్థ అర్హత గల కనీసం ఒక కౌన్సెలర్‌ను గాని, సైకాలజిస్టును గాని నియమించుకోవాలి. అంతకన్నా తక్కువ మంది వున్న సంస్థలు బయటి నిపుణులతో అధికారిక ఏర్పాటు చేసుకోవాలి. బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండు పర్యాయాలు శిక్షణ ఇవ్వాలి. మార్కుల ప్రాతిపదికన విద్యార్థులను వేర్వేరు బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం మానుకోవాలి. టెలి మానస్ సహా సహాయవాణి నంబర్లను తరగతి గదుల్లో, వసతి గృహాల్లో, వెబ్‌సైట్లలో పెద్ద అక్షరాలతో ప్రదర్శించాలి. తల్లిదండ్రులకు కూడా క్రమం తప్పక అవగాహన కార్యక్రమాలు నిర్వహించాలి. అమలు తీరును పర్యవేక్షించేందుకు జిల్లా కలెక్టరు అధ్యక్షతన కమిటీలు ఏర్పాటు చేయాలని కూడా న్యాయస్థానం ఆదేశించింది.

ప్రసంగం ఒక్కటే చాలదు

అవగాహన కార్యక్రమాలన్నీ ఒకే విధమైన ఫలితాలనివ్వవని అధ్యయనాలు చెబుతున్నాయి. అధికారులు కార్యక్రమాలను రూపొందించే ముందు ఈ ఫలితాలను గమనించడం మంచిది.

ఐరోపాలోని 10 దేశాలకు చెందిన 168 పాఠశాలల్లో 11 వేల మందికి పైగా విద్యార్థులపై జరిగిన ఒక అధ్యయనం ఫలితాలు 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురితమయ్యాయి. నాలుగు వారాల్లో మొత్తం ఐదు గంటల పాటు విద్యార్థుల చేతనే సన్నివేశాలు అభినయింపజేసి, చర్చలు జరిపించిన పాఠశాలల్లో ఏడాది తరువాత ఆత్మహత్యాయత్నాలు మిగిలిన పాఠశాలలతో పోలిస్తే దాదాపు సగానికి తగ్గాయి. ఉపాధ్యాయులకు మాత్రమే శిక్షణ ఇచ్చి వూరుకున్న పాఠశాలల్లో ఇటువంటి స్పష్టమైన మార్పు కానరాలేదు.

మన దేశంలో, బీహార్‌లోని నలందా జిల్లా ప్రభుత్వ పాఠశాలల్లో జరిగిన మరో అధ్యయనం ఇంకా దగ్గరి అనుభవం. అక్కడ శిక్షణ పొందిన స్థానిక కౌన్సెలర్లు ప్రార్థనా సమావేశాల్లో మాట్లాడటం, గోడపత్రిక నడపడం, ప్రశ్నల పెట్టె నిర్వహించడం, విద్యార్థులతో విడివిడిగా సంభాషించడం వంటి పనులు చేపట్టారు. ఆ పాఠశాలల్లో వాతావరణం మెరుగుపడింది. కుంగుబాటు, తోటివారిని వేధించడం, హింస తగ్గాయి. అవే పనులను ఉపాధ్యాయులకు అప్పగించిన పాఠశాలల్లో మాత్రం ఆ ఫలితం రాలేదు. ఉపాధ్యాయులపై ఇప్పటికే వున్న బాధ్యతలకు మరొకటి జోడించి, పని పూర్తయిందని భావించరాదన్నది ఈ అధ్యయనం నేర్పే పాఠం.

బ్రిటన్‌లో 8 వేల మందికి పైగా విద్యార్థులతో జరిగి, 2022లో ఫలితాలు వెలువడిన మరొక అధ్యయనంలో, తరగతి మొత్తానికి ఏకాగ్రతా ధ్యాన శిక్షణ ఇవ్వడం వలన మామూలు బోధన కన్నా అదనపు ప్రయోజనం కనిపించలేదు. ధ్యానం మంచిదా, కాదా అన్న ప్రశ్నకు ఇది సమాధానం కాదు. పిల్లలకు ఆసక్తి లేని విషయాన్ని అందరిపై ఒకే విధంగా రుద్దితే ఫలితం వుండదని మాత్రం దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఈ అనుభవాల సారాంశం ఒక్కటే. ఏడాదికి ఒకసారి, అక్టోబరు 10న వేదికపై ప్రముఖులు ప్రసంగించి, విద్యార్థులు ఎండలో కూర్చుని చప్పట్లు కొట్టి వెళ్లిపోయే సభ వలన ఫొటోలు వస్తాయి గాని ప్రయోజనం సిద్ధించదు. ఒక తరగతికి, ఒక గదిలో, నలభై యాభై మందికి మించకుండా, కొన్ని వారాల పాటు జరిగే సంభాషణలు ఫలితాన్నిస్తాయి.

తరగతి గదిలో ఏమి చెప్పాలి?

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు గల పిల్లలకు రుగ్మతల పేర్లు చెప్పవలసిన అవసరం లేదు. కోపం, భయం, అసూయ, దిగులు, సిగ్గు వంటి భావాలు అందరికీ కలుగుతాయని, వాటికి పేరు పెట్టి చెప్పగలగడమే మొదటి మెట్టు అని వారికి తెలపాలి. "నాకు కోపం వచ్చింది" అని చెప్పగలిగిన పిల్లవాడు చేయి చేసుకునే అవసరం తగ్గుతుంది. నిద్ర, ఆటలు, సెల్‌ఫోను వాడకం, తోటివారిని గేలి చేయడం వలన కలిగే హాని వంటివి ఈ వయసుకు తగిన అంశాలు. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని నిపుణులు సూచిస్తున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి లేపి, రాత్రి పదకొండింటి వరకు చదివించే దినచర్య ఈ లెక్కకు ఎక్కడా సరిపోదు.

తొమ్మిది, పది తరగతుల వారికి, ఇంటర్మీడియట్ విద్యార్థులకు ఒత్తిడి ఎట్లా పనిచేస్తుందో వివరించాలి. కొద్దిపాటి ఒత్తిడి పనికి పురికొల్పుతుంది. అది హద్దు మీరి రోజుల తరబడి కొనసాగితే జ్ఞాపకశక్తిని, నిద్రను, ఆకలిని దెబ్బతీస్తుంది. కుంగుబాటు అంటే బద్ధకం కాదని, మనోబలం లోపించడం కాదని, అదొక అనారోగ్యమని, చికిత్సతో నయమవుతుందని సరళంగా చెప్పాలి. గ్రామీణ ప్రాంతాల్లో నేటికీ "గాలి సోకింది", "దిష్టి తగిలింది" అని తాయెత్తులతో కాలయాపన చేసే కుటుంబాలు వున్నాయి. వారి నమ్మకాలను తరగతిలో ఎగతాళి చేయడం వలన పిల్లవాడు ఇంటికి, బడికి నడుమ నలిగిపోతాడు. "ఇంట్లో మొక్కులు మొక్కుకోనివ్వండి, దానితో పాటు డాక్టరుగారి దగ్గరికీ వెళ్లండి" అనడమే ఆచరణయోగ్యమైన మాట.

స్వీయ అవగాహన, సహానుభూతి, విమర్శనాత్మక ఆలోచన, సృజనాత్మక ఆలోచన, నిర్ణయం తీసుకోవడం, సమస్యా పరిష్కారం, భావవ్యక్తీకరణ, సత్సంబంధాలు, భావోద్వేగాలను తట్టుకోవడం, ఒత్తిడిని తట్టుకోవడం అనే పది జీవన నైపుణ్యాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990వ దశకంలోనే గుర్తించింది. వీటిని నిర్వచనాలుగా వల్లె వేయించడం వలన లాభం లేదు. "నీ స్నేహితురాలు వారం రోజులుగా అన్నం సరిగా తినడం లేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఆమెతో ఏమని మొదలుపెడతావు?" అని ఇద్దరు విద్యార్థినుల చేత ఐదు నిమిషాలు మాట్లాడించడం మేలైన బోధన.

ఇక ఆత్మహత్యను గురించి అడిగితే పిల్లల్లో ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్న అపోహ ప్రబలంగా వున్నది. బాధలో వున్న వ్యక్తిని నేరుగా, సానుభూతితో అడగడం వలన ప్రమాదం పెరగదని పరిశోధనలు తెలుపుతున్నాయి. అడిగినందువలన ఆ వ్యక్తికి మనసు విప్పే అవకాశం లభిస్తుంది. అయితే పద్ధతుల ప్రస్తావన, చనిపోయినవారి కథలు, వారిని త్యాగమూర్తులుగా గాని పిరికివారుగా గాని చిత్రించడం పూర్తిగా నిషిద్ధం. "నీ స్నేహితుడు చచ్చిపోవాలని వుందని చెబితే ఆ రహస్యం దాచకు. అదే రోజు నీకు నమ్మకమున్న పెద్దవారికి చెప్పు" అన్న ఒక్క వాక్యం ప్రతి విద్యార్థికీ గుర్తుండేలా చెప్పడం ప్రసంగకర్త ప్రధాన కర్తవ్యం.

ఉపాధ్యాయులు గమనించవలసిన లక్షణాలు

రెండు వారాలకు మించి దిగులుగా వుండటం, ఇష్టమైన ఆటపాటలపై ఆసక్తి కోల్పోవడం, స్నేహితులకు దూరమవడం, మార్కులు ఉన్నట్టుండి పడిపోవడం, తరచు గైర్హాజరు కావడం, వైద్య పరీక్షల్లో ఏ కారణమూ కనిపించని కడుపునొప్పి, తలనొప్పి, అకారణ కోపం, తాను ఎవరికీ అక్కరలేదన్న మాటలు, ప్రియమైన వస్తువులను ఇతరులకు పంచిపెట్టడం వంటివి హెచ్చరికలు. ఉపాధ్యాయులు రోగ నిర్ధారణ చేయనవసరం లేదు, చేయరాదు కూడా. గమనించడం, ఓపికగా వినడం, తగిన సేవలకు చేర్చడం, ఈ మూడు పనులే వారివి.

విద్యార్థి చెప్పిన విషయాలను గోప్యంగా వుంచాలి. అయితే ప్రాణాపాయం వున్నప్పుడు, లైంగిక వేధింపులు జరిగినట్లు తెలిసినప్పుడు గోప్యత వర్తించదు. 2012 పోక్సో చట్టం ప్రకారం అటువంటి నేరం గురించి తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. "నీవు చెప్పింది ఎవరికీ చెప్పను" అని ముందుగానే మాట ఇచ్చి, ఆ తరువాత తప్పవలసిరావడం పిల్లల నమ్మకాన్ని దెబ్బతీస్తుంది. కనుక ఈ మినహాయింపును సంభాషణ ప్రారంభంలోనే వివరించాలి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండనతో పాటు మానసిక వేధింపులను కూడా నిషేధించిన సంగతి ఉపాధ్యాయులకు గుర్తుచేయడం అవసరం. ఉదయం మానసిక ఆరోగ్యంపై ప్రసంగం విని, మధ్యాహ్నం అదే తరగతిలో మార్కుల జాబితా చదివి చివరి నలుగురినీ నిలబెడితే, పిల్లలు ప్రసంగాన్ని మరిచి నిలబెట్టిన సంగతినే గుర్తుంచుకుంటారు.

గురుకులాలు, వసతి గృహాలు

1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో ప్రారంభమైన గురుకుల విద్య నేడు తెలుగు రాష్ట్రాల్లో లక్షలాది పేద పిల్లలకు ఆసరాగా నిలిచింది. పదేళ్ల వయసులో ఇల్లు విడిచి వచ్చే చిన్నారులకు తొలి నెలలు అత్యంత క్లిష్టమైనవి. ఇంటి బెంగ, కొత్త భోజనం, భాష, పెద్ద తరగతుల వారి పెత్తనం వారిని కలవరపెడతాయి. గిరిజన ప్రాంతాల పిల్లలకు ఇంట్లో మాట్లాడే భాష వేరు, బడిలో వినిపించే భాష వేరు. కాబట్టి జూన్, జూలై మాసాల్లో, సంక్రాంతి సెలవుల అనంతరం, వార్షిక పరీక్షలకు ముందు, ఈ మూడు సందర్భాల్లో ఆశ్రమ పాఠశాలల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో ప్రత్యేక సంభాషణలు ఏర్పాటు చేయడం సముచితం. రాత్రివేళ పిల్లల వెంట వుండేది వార్డెను, వంటవారు, కాపలాదారు, ఏఎన్ఎం. శిక్షణలో వీరిని విస్మరించరాదు. ఇంటికి ఫోను చేసుకునే వేళను క్రమశిక్షణ పేరుతో కోతపెట్టడం తగదు.

ప్రసంగం ముగిసిన తరువాత

మంచి ప్రసంగం జరిగిన రోజున ఒకరిద్దరు విద్యార్థులు తమంతట తాము వచ్చి మాట్లాడతారు. అందుకు ఏర్పాట్లు ముందే వుండాలి. ప్రసంగం ముగిసిన తరువాత కనీసం ఒక గంట సేపు ప్రసంగకర్త పాఠశాలలోనే వుండాలి. తలుపులు మూయని, కాని మాటలు బయటికి వినిపించని ఒక గదిని కేటాయించాలి. పేరు రాయనవసరం లేని ప్రశ్నల పెట్టెను ఏర్పాటు చేసి, వారానికొకసారి తెరిచి సమాధానాలు చెప్పాలి. పాఠశాల నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి పంపే మార్గాన్ని లిఖితపూర్వకంగా నిర్ణయించుకోవాలి. తీవ్రమైన సందర్భాలకు విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ వంటి పెద్దాసుపత్రులు వున్నాయి. చికిత్స పొంది తిరిగి వచ్చిన విద్యార్థి పట్ల తరగతిలో ఏ విధమైన గుసగుసలు లేకుండా చూడటం తరగతి ఉపాధ్యాయుల బాధ్యత.

తల్లిదండ్రుల భాగస్వామ్యం లేనిదే ఈ ప్రయత్నం సఫలం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న, ఆ తరువాత 2025 జూలైలో రాష్ట్రవ్యాప్తంగా నిర్వహించిన మెగా తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశాల వంటి వేదికలను ఇందుకు ఉపయోగించుకోవచ్చు. పక్కింటి పిల్లలతో పోల్చడం మాని, మార్కుల కన్నా ముందు "అన్నం తిన్నావా, నిద్ర పట్టిందా" అని అడగడం ఎంతటి చదువురాని తల్లిదండ్రులైనా చేయగలిగిన సహాయం.

పత్రికలకు విజ్ఞప్తి

ఈ కృషిలో ప్రసార మాధ్యమాల పాత్ర కీలకమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ఆధారంగా భారత ప్రెస్ కౌన్సిల్ 2019 సెప్టెంబరులో ఆత్మహత్య వార్తల ప్రచురణపై మార్గదర్శకాలను ఆమోదించింది. అటువంటి వార్తలను ప్రముఖంగా, పదే పదే ప్రచురించరాదు. అనుసరించిన పద్ధతిని, స్థలాన్ని వర్ణించరాదు. ఫొటోలు, లేఖలు ప్రచురించరాదు. సంచలనాత్మక శీర్షికలు పెట్టరాదు. "ఫెయిలైనందుకు ఆత్మహత్య" అన్న శీర్షిక ఒక సంక్లిష్ట వేదనను ఒకే కారణానికి కుదించడమే కాక, అదే స్థితిలో వున్న మరో విద్యార్థికి అదొక్కటే దారి అన్న తప్పుడు సంకేతాన్నిస్తుంది. చికిత్స పొందుతున్న వ్యక్తి వివరాలను, ఫొటోను అతని అనుమతి లేకుండా వెల్లడించడాన్ని 2017 చట్టంలోని 24వ సెక్షను నిషేధిస్తున్నది. కష్టకాలాన్ని అధిగమించి చదువు కొనసాగించిన విద్యార్థుల అనుభవాలను, సహాయవాణి నంబర్లను ప్రచురించడం ద్వారా పత్రికలు ప్రాణాలు నిలబెట్టగలవు. ఫలితాలు వెలువడే రోజున మొదటి పేజీలో ర్యాంకుల పక్కనే సప్లిమెంటరీ పరీక్షల తేదీలకు, 14416 నంబరుకు చోటు కల్పించడం ఏ పత్రికకైనా సాధ్యమే.

జిల్లా విద్యాశాఖాధికారులు, జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారులు సంయుక్తంగా విద్యా సంవత్సరం ఆరంభంలోనే ఏ పాఠశాలలో ఏ వారం, ఎవరు, ఏ తరగతితో మాట్లాడతారో కార్యక్రమ పట్టికను రూపొందించుకోవాలి. ఎన్ని సభలు జరిపామన్న లెక్కతో పాటు, ఎందరు విద్యార్థులు సహాయం కోరారు, వారిలో ఎందరికి ఆ సహాయం అందింది అన్న లెక్కను కూడా పేర్లు లేకుండా నమోదు చేసుకోవాలి. రెండో లెక్క సరిగా వుంటేనే మొదటి లెక్కకు సార్థకత.

మానసిక వేదనలో వున్న విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు సంప్రదించవలసిన నంబర్లు: టెలి మానస్ – 14416 లేదా 1800 891 4416 (24 గంటలు, ఉచితం), మనోదర్పణ్ – 8448440632, బాలల సహాయవాణి – 1098, అత్యవసర సేవలు – 112.